పతకాల పిన్నిగారు

పిన్నిగారు పోయారని వాళ్ళమ్మాయి విశాఖపట్నం నుంచి ఫోన్ చేసి చెప్పింది. ఆవిడ దోహాలో ఉన్న రోజుల నాటివాళ్ళం ఇప్పుడిక్కడ నలుగురైదుగురం మిగిలాం. ఆ శుక్రవారం ఒకరింట్లో కలిసి ఆవిణ్ణి తలుచుకున్నాం. చాలా భక్తిపరురాలని ఒకరన్నారు. వంట అమృతమని ఇంకొకరన్నారు. పిల్లలంటే ప్రాణమని మూడో ఆవిడ కళ్ళు తుడుచుకుంది. నేను కాఫీ తాగుతూ విన్నాను. పిన్నిగారు పండగనాడు తప్ప దేవుడి అలమర తలుపు తెరవగా నేను చూడలేదు. వంట తినడానికి ఇబ్బంది లేకుండా ఉండేది. పిల్లలెవరైనా ఇంటికొస్తే ముందు చేతులు చూపించమనేవారు. బిస్కెట్ జిడ్డు కనిపిస్తే సొరుగుల దగ్గరికి రానిచ్చేవారు కాదు.

ఆ సొరుగుల మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు. పోయిన మనిషి గురించి "ఆవిడ కైజరు కాలం నాటి జర్మన్ సైన్యపు పతకాలు పోగుచేసేది" అని చెప్పడం మర్యాద కాదనుకున్నారేమో.

తొంభైల మొదట్లో నేను కాపురానికి దోహా వచ్చాను. అల్ హిలాల్‌లో మూడంతస్తుల బిల్డింగు. మేం రెండో అంతస్తు, వాళ్ళు పైన. వచ్చిన వారానికి పరిచయం చేసుకుందామని గిన్నెలో సేమ్యా పాయసం పట్టుకెళ్ళాను. తలుపు తీసిన ఆవిడకి యాభై ఏళ్ళుంటాయి. నేత చీర, మెడలో నల్లపూసలు, వాటితో పాటు తాడుకి వేలాడుతున్న భూతద్దం. గిన్నె అందుకుని, పాయసం ఒలక్కుండా తలకంటే ఎత్తుకి లేపి, కింద నుంచి అడుగు చూశారు.

"మీ అమ్మగారి పేరా ఇది?"

"అవునండీ. పెళ్ళిలో ఇచ్చిన సామాను."

"చేత్తో కొట్టిన అక్షరాలు. రెండో అక్షరం దగ్గర సుత్తి జారింది. మంచిది. లోపలికి రా అమ్మాయ్."

పాయసం ఎలా ఉందో ఆ రోజూ చెప్పలేదు, తర్వాతా చెప్పలేదు. దేన్నయినా తిరగేసి వెనక వైపు చూడటం ఆవిడకి ఊపిరి తీసుకోవడం లాంటిది. ఎవరింటికి భోజనానికి వెళ్ళినా ముందు కంచం బోర్లించేవారు. మా పక్కింటి పిల్లవాడు పరుగుపందెంలో గెలిచిన కప్పు తెచ్చి చూపిస్తే, వెనక అంటించిన కాగితం గోటితో గీకి, "తైవాన్‌లో చేశారు, బాబూ," అన్నారు. వాడు మళ్ళీ పై అంతస్తుకి వెళ్ళలేదు.

ఈ పిచ్చి ఎలా పట్టుకుందని మూడు సార్లు అడిగాను. మూడు సార్లూ మూడు కథలు చెప్పారు. మొదటిసారి, నాన్నగారు పనిచేసిన స్టీలు ప్లాంటులో ఒక జర్మన్ సూపర్‌వైజర్ ఇచ్చాడన్నారు. రెండోసారి, హైదరాబాదు పాత సామాన్ల సంతలో దొరికిందన్నారు. మూడోసారి, "దోహా వచ్చిన కొత్తలో ఏమీ తోచలేదు, జర్మన్ భాష క్లాసులు పెడితే వెళ్ళాను, అక్కడొకావిడ అమ్ముతుంటే కొన్నాను," అన్నారు. మూడోదే నిజమని నా నమ్మకం. అందులో చెప్పుకోదగ్గ విశేషం ఏమీ లేదు.

ధైర్యసాహసాలకిచ్చే పతకాల మీద ఆవిడకి మోజు లేదు. సొరుగుల నిండా దీర్ఘకాల సేవా పతకాలే. తొమ్మిదేళ్ళు సైన్యంలో ఉన్నందుకు ఒకటి, పన్నెండేళ్ళకి ఒకటి, పదిహేనేళ్ళకి శిలువ ఆకారంలో ఇంకొకటి. అన్నీ నీలం వెల్వెట్టు మీద వరసగా ఉండేవి.

"ఇవే ఎందుకు పిన్నిగారూ?"

"సాహసం చేసినందుకు ఇచ్చేవాటికి గిరాకీ ఉంటుందమ్మాయ్. అంచేత దొంగవి చేస్తారు. పన్నెండేళ్ళు డ్యూటీకొచ్చాడని ఇచ్చిన బిళ్ళకి నకిలీ చేసేంత పనిలేనివాడు లోకంలో లేడు."

తెలుగువాళ్ళ పార్టీల్లో ఎవరో ఒకరు తప్పకుండా, "హిట్లర్‌వా అండీ?" అని అడిగేవారు. ఆవిడ చేతిలో ప్లేటు బల్ల మీద పెట్టి, "ఇవి ఇచ్చేనాటికి హిట్లర్ వీధుల్లో బొమ్మలు గీసి అమ్ముకుంటున్నాడండీ," అనేవారు. అక్కడితో ఆగేవారు కాదు. అడిగినాయన అన్నం చల్లారేదాకా వదిలేవారు కాదు. బాబాయిగారు ఒక కంపెనీలో అకౌంట్స్ మేనేజరు, మంచి మనిషి. ఎవరైనా జాలిగా తన వంక చూస్తే, "అది ఆవిడ డిపార్ట్‌మెంటు," అని అప్పడం అందుకునేవారు.

శిలువ ఆకారం ఉన్న సరుకు పోస్టులో తెప్పించుకోవడం ఆ రోజుల్లో తలనొప్పి వ్యవహారం. అందుకని పిన్నిగారు ఊళ్ళోనే వెతికేవారు. సూక్ వాకిఫ్ బజారు అప్పుడు ఇప్పటిలా ముస్తాబై లేదు. ముషైరిబ్ వైపు నుంచి నడిచి, బియ్యం బస్తాలూ తాళ్ళ చుట్టలూ పంజరాల్లో పిట్టలూ దాటితే ఒక ఇరానీ ఆయన పాత సామాన్ల కొట్టు ఉండేది. పిన్నిగారు అక్కడ కొనేది తక్కువ, తిరగేసేది ఎక్కువ. మొదట్లో ఆవిడకి టీ తెప్పించేవాడు. తర్వాత మానేశాడు.

ఒక గురువారం సాయంత్రం నన్నూ తోడు తీసుకెళ్ళారు. లోపల బల్ల దగ్గర ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. పాదాల దాకా తెల్లటి తోబు, చేతికర్ర, మెత్తగా నెరిసిన గడ్డం. స్థానికుడు. ఆయన ముందు బల్ల మీద ఒక పట్టీ. జర్మన్ సిపాయిలు తమకొచ్చిన పతకాలన్నిటినీ రిబ్బన్లతో సహా ఒకే రేకుకి వరసగా కుట్టించి ఛాతీకి పెట్టుకునేవారు, అలాంటిది. దాని మీద నాలుగున్నాయి. ఒకటి ఇనప శిలువ, రెండోది ఇంకో శిలువ, మూడోది సేవా పతకం. నాలుగోది గుండ్రటి వెండి బిళ్ళ, దాని మీద అరబ్బీ లిపి. కొట్టతను కత్తెర పట్టుకుని ఆ నాలుగోదాని కుట్లు వెతుకుతున్నాడు.

పిన్నిగారు ముందుకొచ్చారు. తన హ్యాండ్‌బ్యాగు తీసి ఆ పట్టీ మీద పెట్టారు.

"మేడమ్, మీ బ్యాగు," అన్నాడు కొట్టతను హిందీలో.

"అవును, నాదే," అన్నారు పిన్నిగారు. తియ్యలేదు.

ముసలాయన తలెత్తాడు. ఆయన హిందీ కొట్టతని హిందీ కంటే బాగుంది. కుర్రతనంలో ముత్యాల బేరానికి ఒక వ్యాపారితో బొంబాయి తిరిగాడట. "బహెన్, నేను కొంటున్నది ఆ తుర్కీ బిళ్ళ ఒక్కటే. మిగతావి మీకు కావాలంటే తీసుకోండి."

"విడదీయకూడదు."

"ఎందుకని?"

"ఈ పతకాల మీద పేర్లుండవు. ఏ రాజ్యంవాడు, ఎన్నేళ్ళు చేశాడు, ఏ దేశం వెళ్ళాడు, ఇవన్నీ నాలుగూ కలిపి చూస్తేనే తెలుస్తాయి. అప్పుడు ఫలానా మనిషని వెతికి పట్టుకోవచ్చు. ఒక్కటి తెంపితే ఇంక దొరకడు."

"నాకు మనిషి అక్కర్లేదు బహెన్. నాకు బిళ్ళ కావాలి."

"ఎందుకు?"

ఆ కొట్లో ఆయన్ని ఎందుకని అడిగినవాళ్ళు అంతకు ముందు లేరనుకుంటాను. కొట్టతను కత్తెర కింద పెట్టేశాడు. ముసలాయన కాసేపు చేతికర్ర వంక చూసి, చెప్పాడు.

తుర్కులు దోహాలో ఉన్న రోజుల్లో వాళ్ళ నాన్న కోటలోకి గాడిదల మీద నీళ్ళు మోసేవాడు. చిన్నతనం నుంచి మీసాలొచ్చేదాకా అదే పని. ఒక తుర్కీ అధికారి ఆయనతో, "నీ పేరు ఇస్తాంబుల్‌కి రాశాను, సుల్తాను నీకు వెండి బిళ్ళ పంపిస్తాడు," అన్నాడు. తర్వాత యుద్ధం వచ్చింది. తుర్కులు కోట వదిలి వెళ్ళిపోయారు. బిళ్ళ రాలేదు.

"మా నాన్న పోయేదాకా, వస్తుందనే అనేవాడు. మా చిన్నాన్నలు నవ్వేవారు. గాడిదలవాడికి సుల్తాను బిళ్ళ ఇస్తాడా, ఆ తుర్కీవాడు నీతో వేళాకోళం ఆడాడు అని. పెళ్ళిళ్ళలో చెప్పుకుని నవ్వేవారు. నేను పక్కన కూర్చుని వినేవాణ్ణి. అది ఎలా ఉంటుందో ఒక్కసారి చేతిలో పెట్టుకుని చూద్దామని."

పిన్నిగారు భూతద్దం తీసి తుడుచుకున్నారు. ఆవిడ ఆలోచించేటప్పుడు చేసే పని అది.

"నేను మొత్తం కొంటాను," అన్నారు. "మీరు ఎప్పుడు కావాలంటే అప్పుడు మా ఇంటికొచ్చి చేతిలో పెట్టుకోండి. అల్ హిలాల్. మావారు శుక్రవారం ఇంట్లోనే ఉంటారు."

ముసలాయన పట్టీ వంక, శిలువల వంక చూశాడు. "ఈ రెండూ ఎలాగూ నేను ఇంట్లో పెట్టలేను," అన్నాడు. "సరే."

ఎంతకి కొన్నారో ఆవిడ బాబాయిగారికి చెప్పలేదు. ఆయన అడగలేదు.

మర్యాదకి సరే అన్నాడు, రాడులే అనుకున్నాం. మర్నాడు జుమా నమాజు కాగానే బిల్డింగు ముందు పెద్ద కారు ఆగింది. ఆయన ఇల్లు అల్ వక్రాలో, చేపల పడవలు ఆగే రేవు దగ్గర. అక్కడి నుంచి వచ్చాడు. బాబాయిగారు పరుగున వెళ్ళి లుంగీ మార్చుకుని ప్యాంటు వేసుకున్నారు. పిన్నిగారు పులిహోర పెట్టారు. ఆయన మొదటి ముద్ద తిని, చెంచాతో అన్నం అడుగుదాకా కదిపి చూశాడు.

"మాంసం మాఫీ?" అన్నాడు, లేదా అని.

"మాఫీ," అన్నారు బాబాయిగారు సిగ్గుపడుతూ.

ఆయన తలూపి మొత్తం తిన్నాడు. తర్వాత పట్టీ చేతిలోకి తీసుకుని వెండి బిళ్ళ మీది రాత కూడబలుక్కున్నాడు. "అక్షరాలు మావి. మాటలు సగమే మావి," అన్నాడు. అరగంట కూర్చుని వెళ్ళిపోయాడు. పై శుక్రవారం మళ్ళీ వచ్చాడు. ఆ పైదీ వచ్చాడు. పండగో జ్వరమో వస్తే తప్ప మానలేదు.

ఆయన డ్రైవరు కడప వైపు మనిషి. కిందే కారు దగ్గర నిలబడేవాడు. టీ పట్టుకెళ్తే నన్ను నిలదీసేవాడు.

"అక్కా, మా బాబా ఈడికొచ్చి ఏం జేచ్చాడు?"

"పతకం చూస్తాడు."

"పోయిన వారం సూసినాడు గదా?"

"మళ్ళీ చూస్తాడు."

"ఏమైనా మారతాదా అది?"

లేదన్నాను. అతను టీ తాగి గ్లాసిచ్చాడు. "ఇంట్లో కొడుకులు నన్నడగతాండారు, యాడికి పోతాడు మీ బాబా అని. పులిహోర తినేదానికి అంటే నమ్మరక్కా."

వారాలు గడిచేకొద్దీ పెద్దాయన మనసులో ఆ జర్మన్ సిపాయి పెరగడం మొదలైంది. ఇంత దూరం వచ్చి సుల్తాను చేత పతకం పుచ్చుకున్నాడంటే మామూలువాడా అన్నాడు. సింహంలాంటివాడన్నాడు. ఒకసారి గుర్రం మీద ఎక్కించాడు. బాబాయిగారు తలూపేవారు. పిన్నిగారు తలూపేవారు కాదు.

నాకు కారణం తెలుసు. పట్టీ ఇంటికి తెచ్చిన రోజే ఆవిడ భూతద్దం కింద ఇనప శిలువ రిబ్బను చూపించారు. "యుద్ధంలో పోరాడినవాడికి నలుపు మీద తెల్ల చారలుండేది ఇస్తారు. పోరాడనివాడికి తెలుపు మీద నల్ల చారలు. ఇది చూడు." తెలుపు మీద నలుపు.

"మరి పెద్దాయనకి చెప్పరా?"

"రిబ్బను తర్వాత ఎవరైనా మార్చి ఉండొచ్చు. రుజువు దొరక్కుండా ఒక మనిషిని గురించి మాట్లాడకూడదు."

రుజువుకి దారి ఉంది. ప్రష్యా రాజ్యపు సైన్యం కాగితాలు బాంబుల్లో తగలబడిపోయాయిగాని, బవేరియావాళ్ళవి మ్యూనిక్‌లో భద్రంగా ఉన్నాయి. పట్టీ మీది రెండో శిలువ బవేరియాది, అంటే ఈ పట్టీవాడు బవేరియావాడు. జర్మన్ క్లాసుల నాటి స్నేహితురాలొకావిడ, ఒక ఇంజనీరు భార్య, ఏటా వేసవికి మ్యూనిక్ వెళ్ళేది. ఆవిడకి పిన్నిగారు పని అప్పజెప్పారు. సెలవులకి పుట్టింటికి వెళ్ళే మనిషిని పాత కాగితాల మధ్య కూర్చోమని అడగడానికి ఇంకొకరైతే మొహమాటపడతారు.

బాబాయిగారు మాత్రం ఒక్కసారి, ఒకే ఒక్కసారి, తన డిపార్ట్‌మెంటు కాని విషయంలో కలగజేసుకున్నారు. "పెద్దాయన ఏదో వీరుడనుకుని సంతోషపడుతున్నాడు. ఉండనీయరాదూ? ఆ వయసులో ఎందుకే?"

"ఆయన చూస్తున్నది ఎవరినో ఆయనకి తెలియాలి," అన్నారు పిన్నిగారు. "లేకపోతే కొట్లోనే తెంపించుకుని పోయేవాడుగా."

వేసవి అయింది. జర్మన్ ఆవిడ తిరిగొచ్చి, ఒక శుక్రవారం తనే మా బిల్డింగుకి వచ్చింది. నేనూ పైనే ఉన్నాను. పెద్దాయన పట్టీ చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. ఆవిడ జర్మన్‌లో చెబుతుంటే పిన్నిగారు హిందీలోకి మార్చి ఒక్కొక్క వాక్యం పెద్దాయనకి అందించారు, వంటకం ఎలా చేయాలో చెబుతున్నంత మామూలుగా.

"దొరికాడు. పాలస్తీనా వైపు తుర్కులకి సాయంగా పంపిన దళంలో ఉన్నాడు. నాలుగు పతకాలూ సరిపోయే మనిషి ఇతనొక్కడే."

"అల్‌హమ్దులిల్లా," అన్నాడు పెద్దాయన. "గుర్రపు దళమా?"

"కాదు. రొట్టెలు కాల్చేవాడు."

బాబాయిగారు కార్పెట్ డిజైను చూస్తున్నారు. నాకు పిన్నిగారి మీద కోపం వచ్చింది. ముసలాయన మొహంలోని వెలుగు అలా దిగిపోతుంటే చూడలేకపోయాను.

"తుపాకీ?" అన్నాడాయన.

"ఇచ్చే ఉంటారు. కాల్చినట్టు ఎక్కడా లేదు. పన్నెండేళ్ళు సైన్యంలో రొట్టెలే కాల్చాడు. అక్కడ తుర్కీ సిపాయిలకీ రొట్టెలు పెట్టాడట. అందుకని తుర్కీ అధికారి పేరు పంపితే ఇస్తాంబుల్ నుంచి ఈ బిళ్ళ వచ్చింది."

పెద్దాయన పట్టీ ఒళ్ళో పెట్టుకున్నాడు. తర్వాత అడిగాడు, "రొట్టెలకి ఇచ్చారా?"

"రొట్టెలకే."

"పోరాడనివాడికి ఇచ్చారా?"

"ఇచ్చారు. ఈ రిబ్బనే గుర్తు." భూతద్దం మెడలోంచి తీసి ఆయనకిచ్చారు. ఆయన తెలుపు మీద నల్ల చారలు చూశాడు. మళ్ళీ చూశాడు.

"అయితే నీళ్ళకి కూడా ఇచ్చేవారే," అన్నాడు.

భూతద్దం పిన్నిగారికి తిరిగిచ్చాడు.

"ఆ అధికారి వేళాకోళం ఆడలేదు. నిజంగానే రాసి ఉంటాడు. యుద్ధం వచ్చింది కనుక అది దారిలో పోయింది. అంతే. మా నాన్న తెలివితక్కువవాడు కాదు." ఆయన గొంతు పెద్దది చేసి అన్నాడు, ఎదురుగా వాళ్ళ చిన్నాన్నలంతా వరసగా కూర్చుని ఉన్నట్టు. "మా నాన్న తెలివితక్కువవాడు కాదు."

పిన్నిగారు లేచి వంటింట్లోకి వెళ్ళారు. నేను వెనకే వెళ్ళాను. ఆవిడ కుళాయి తిప్పి, కడిగి ఉన్న గ్లాసుల్ని మళ్ళీ కడుగుతున్నారు. "పులిహోరలో ఇవాళ ఇంగువ ఎక్కువైంది," అన్నారు నా వైపు చూడకుండా. పులిహోర ఇంకా పెట్టనేలేదు.

మేం తిరిగొచ్చేసరికి పెద్దాయన ఆ రొట్టెలవాడి పేరు అడుగుతున్నాడు. జర్మన్ ఆవిడ యోహాన్ అని చెప్పింది. "మా దగ్గర యహ్యా అంటాం," అన్నాడాయన. రెండు చేతులూ ఎత్తి, యహ్యా కోసం, వాళ్ళ నాన్న కోసం ప్రార్థన చేశాడు. జర్మన్ ఆవిడ తల వంచుకుంది. బాబాయిగారు ఏం చేయాలో తోచక నమస్కారం పెట్టారు. పిన్నిగారు తడిచేతులతో నిలబడి ప్రార్థన అయ్యేదాకా ఆగి, "ఇప్పుడు భోజనం," అన్నారు.

తర్వాతి ఏడాది బాబాయిగారి కాంట్రాక్టు రెన్యూ కాలేదు. చాలా ఏళ్ళు చేశారు. కంపెనీవాళ్ళు గోడ గడియారం ఇచ్చారు. పిన్నిగారు దాన్ని తిరగేసి చూశారు. ఏమీ అనలేదు. బాబాయిగారి ఎదురుగా ఆవిడ ఏమీ అనకుండా ఉండటం అదొక్కసారే చూశాను.

వెళ్ళే ముందు ఆవిడ పట్టీని పెద్దాయన ముందు పెట్టారు. "మీరు ఉంచుకోండి."

ఆయన దాన్ని వెనక్కి జరిపాడు. "నేనున్నంత కాలం బాగానే ఉంటుంది. తర్వాత మా అబ్బాయిలు శిలువలు చూసి భయపడతారు. అదే కొట్టుకి తీసుకెళ్తారు. అదే కత్తెర. వద్దు బహెన్. యహ్యాని మీతో తీసుకెళ్ళండి. అతను ఒక్కచోటే ఉండాలి."

ఆవిడ వాదించలేదు. పట్టీని జాకెట్టు గుడ్డలో చుట్టి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకున్నారు. మిగతావన్నీ సూట్‌కేసులో చీరల మధ్య వెళ్ళాయి. ఎయిర్‌పోర్టులో నన్ను దగ్గరికి తీసుకోవడం లాంటివేమీ చేయలేదు. "మీ అమ్మగారి గిన్నె జాగ్రత్త. ఇప్పుడు అలా చేత్తో కొట్టేవాళ్ళు లేరు," అని చెప్పి లోపలికి వెళ్ళిపోయారు.

రెండు రోజులకి ఫోన్ చేశారు. బొంబాయి కస్టమ్స్‌లో హ్యాండ్‌బ్యాగు విప్పించారట. ఇది బంగారమా అని అడిగితే, ఏది ఇనుమో ఏది రాగో ఏది వెండో ఒక్కొక్కటీ వివరంగా చెప్పారట. వెనక లైను చాలా పొడుగైందనీ, చివరికి ఆ అధికారి వెళ్ళమని చేతులు జోడించాడనీ బాబాయిగారు ఫోన్ లాక్కుని చెప్పారు.

ఆ శుక్రవారం మధ్యాహ్నం మా బిల్డింగు ముందు పెద్ద కారు ఆగింది. పైవాళ్ళు వెళ్ళిపోయారని పెద్దాయనకి తెలియకపోవడమేమిటి, ఎయిర్‌పోర్టుకి ఖర్జూరాలు పంపింది ఆయనే. అయినా మెట్లెక్కి వచ్చి మా తలుపు కొట్టాడు. మావారు కంగారుగా లోపల కూర్చోబెట్టారు. చూపించడానికి మా ఇంట్లో ఏమీ లేదు. కాసేపటికి ఏమీ తోచక, కొత్తగా కొన్న వాషింగ్ మెషీన్ చూపించారు. పెద్దాయన దాని ముందు చేతికర్ర ఆనించి నిలబడి, తలుపు తీసి లోపలికి చూసి, మాషా అల్లా అన్నాడు. ఏ దేశంవాళ్ళు చేశారని అడిగాడు. కొరియావాళ్ళన్నారు మావారు.

నేను ఉప్మా, టీ తెచ్చాను. ఆయన ఉప్మా అడుగుదాకా కదిపి చూడలేదు. అప్పటికి అలవాటైపోయింది. టీ సగం తాగి, గ్లాసు పట్టుకునే అడిగాడు.

"బహెన్ చేరిందా?"

"చేరారు. ఫోన్ చేశారు."

"యహ్యా?"

"యహ్యా కూడా చేరాడు. కస్టమ్స్‌వాళ్ళు ఏమీ తెంపలేదట."

పెద్దాయన తలూపి, మిగతా టీ నెమ్మదిగా తాగాడు.